కుర్చీలో ఆట, చేతిలో గిన్నె

ముందుగా దేవునికి స్తోత్రం. ఎముకకూ ఎముకకూ మధ్య కీలును అమర్చినవాడు ఆయన. ఆ కీలు బిగుసుకుపోయే కాలాన్ని ముందే ఎరిగినవాడూ ఆయనే. పసిబిడ్డ గుప్పిటను విప్పేవాడు, ముసలి చేతిని మళ్ళీ గుప్పిటగా ముడిచేవాడు, రెండు చోట్లా ఒకే ప్రేమ గలవాడు. ఇచ్చినప్పుడు ఆయన్ని స్తుతించడం నాకు చిన్నప్పుడే వచ్చింది. తీసుకున్నప్పుడు స్తుతించడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. వచ్చినంత మట్టుకు ఆ స్తుతిని ఆయన పాదాల దగ్గర పెట్టి మా అమ్మ సంగతి రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం నుంచి కళింగపట్నం పోయే దారిలో ఒక ఊరు. మిషను దొరల కాలంలో కట్టిన బాప్టిస్టు గుడి మాది. సంఘంలో సగం మంది కూలి పనులకు వెళ్ళేవాళ్ళు, మిగతా సగం వాళ్ళ కడుపున పుట్టిన టీచర్లు, నర్సులు, గుమాస్తాలు. నేనూ టీచర్నే. మా ఆయన చనిపోయాక అమ్మ దగ్గరికి వచ్చేశాను. నాన్న అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఇంట్లో ఇద్దరమే ఆడవాళ్ళం. పొద్దునా సాయంత్రమూ ప్రార్థన, మధ్యలో నా బడి.

అమ్మ చాలా ఏళ్ళు సండే స్కూలు నడిపింది. పిల్లలకు పాటతో పాటు చేతులాడించడం నేర్పేది. ఓడ అంటే రెండు అరచేతులూ కలిపి అలల మీద ఊపడం, వాన అంటే వేళ్ళన్నీ పైనుంచి కిందికి రాల్చడం, విత్తనం అంటే గుప్పిట తెరిచి చల్లడం. వీటిని మేము యాక్షన్ సాంగ్స్ అంటాం. ఇప్పుడు మా గుడిలో పెద్దలుగా తిరిగే మగవాళ్ళలో చాలామంది చిన్నప్పుడు ఆమె ముందు వరసగా నిలబడి వాన కురిపించినవాళ్ళే.

ఆ చేతికే జబ్బు వచ్చింది. మొదట కుడిచేతి బొటనవేలు ఊరికే చూపుడువేలి మీద తిరగడం మొదలైంది. మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, అది చూసి నవ్వింది. "ఏటొదినా, మా అమ్మలాగ పొగాకు నలుపుతన్నావు? సుట్ట ఎలిగిస్తావా ఏటి?" అంది. అమ్మ కూడా నవ్వింది. తర్వాత చెయ్యంతా వణికింది. నడక చిన్న చిన్న అడుగులైంది. గొంతు సన్నబడింది. విశాఖపట్నంలో డాక్టరు చూసి పార్కిన్సన్ జబ్బు అన్నాడు. మందులిచ్చాడు, తగ్గదని చెప్పాడు, పెరగడం కొంచెం నెమ్మదిస్తుందన్నాడు. ఆ జబ్బులో ముఖం కూడా బిగుసుకుపోతుంది. లోపల నవ్వు పుట్టినా పెదవుల దాకా రాదు. కొత్తగా చూసినవాళ్ళకు ఆ మనిషి కోపంగా ఉన్నట్టు కనబడుతుంది.

మా గుడిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, ఆయన శరీరానికీ రక్తానికీ గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. రొట్టె అయ్యాక పెద్దలు పళ్ళేల్లో చిన్న చిన్న గాజు గిన్నెలు పెట్టుకుని వరస వెంట వస్తారు. ఎవరి గిన్నె వాళ్ళే అందుకోవాలి. అందరికీ అందేదాకా చేతిలో పట్టుకుని మౌనంగా ఉండాలి. పాస్టరుగారు వాక్యం చెప్పాక అందరూ ఒక్కసారే తాగుతారు. ఆ మౌనంలో పాట కూడా ఉండదు. ఎవరైనా గిన్నె తీసుకోకుండా పళ్ళేన్ని ముందుకు దాటనిచ్చారంటే, సంఘంలో దానికి ఒకటే అర్థం. ఆ మనిషికి ఎవరితోనో మాట చెడింది, ఇంకా సమాధానపడలేదు. అలాంటి మనసుతో బల్లలో చెయ్యి పెట్టకూడదని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పుతారు.

ఒక మొదటి ఆదివారం అమ్మ చేతిలోంచి ద్రాక్షరసం ఒలికింది. తెల్లచీర ఒడి మీద ఎర్రటి మరక. పక్కన కూర్చున్న అత్త తన కొంగుతో అద్దబోతే అమ్మ ఆమె చెయ్యి పక్కకు నెట్టింది. మర్నాడు ఆ చీరను నన్ను ముట్టనివ్వలేదు. వణికే చేతులతోనే కుళాయి దగ్గర కూర్చుని సబ్బు రుద్దింది. మరక పూర్తిగా పోలేదు. ఆ పై నెలలో పళ్ళెం దగ్గరికి వచ్చినప్పుడు అమ్మ తల వంచుకుని కూర్చుంది. పళ్ళెం దాటిపోయింది.

"నేను పట్టుకుని తాగిస్తానమ్మా" అన్నాను ఇంటికొచ్చాక.

"పసిగుంటకి పట్టినట్టా?" అంది. "వద్దు. నా గిన్నె నాను అందుకోవాల. ఎవుల నమ్మకం వాళ్ళ సేత్తోనే. నాను పిల్లలకి అదే నేర్పినాను."

నేను బైబిలు వాక్యం తెచ్చి వాదించాను. పక్షవాతం గలవాడిని నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి ప్రభువు ముందు దింపలేదా అని అడిగాను. "ఆడు మంచం మీద పడున్నాడు. నానింకా కూకోగలుగుతన్నాను కదా" అంది. ఆమెకు కావలసింది ఒక్కటే. చనిపోయే లోపల తన చేత్తో తను ఆ గిన్నె అందుకోవాలి. సాయంత్రం ప్రార్థనలో మిగిలిన మనవులన్నీ నా నోటే వచ్చేవి. ఇది మాత్రం ఆమె తన నోటనే అడిగేది, వినీ వినబడని గొంతుతో.

ఇలా నెలలు గడిచాయి. సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. అమ్మ ఎవరితో మాటలాడటం మానేసిందని లెక్కలు వేశారు. ముఖం చూస్తే కోపంగా ఉంది, పళ్ళెం దాటనిస్తోంది. పక్కన కూర్చునేది ఆడబడుచు. ఇంకేం కావాలి?

ఒక శనివారం మధ్యాహ్నం అత్త వంతెన అవతలి పేట నుంచి ఆటోలో వచ్చింది. చేతిలో ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం. ఎప్పుడూ వస్తూనే గిన్నెల మూతలు తీసి చూసే మనిషి, ఆ రోజు గుమ్మం దగ్గరే నిలబడింది. తర్వాత వచ్చి అమ్మ కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది.

"ఒదినా, ఒక మాట అడుగుతాను. తప్పట్టుకోకు."

"అడుగు."

"నువ్వు బల్లకాడ సెయ్యి సాపటం మానీసినావు. ఊరందరూ నా మొగమే సూస్తన్నారు. నీ పక్కన కూకునేది నానే కదా. నా మీదేనా నీ కోపం?"

"నీ మీద కోపమేటే?"

"అదే, ఆ రాగి కాగు." అత్త కళ్ళు తుడుచుకుంది. "అమ్మ పోనాక నాను అట్టుకుపోనాను. ఇంటి కోడలికి రావలసినది. అప్పుడు నువ్వేటీ అననేదు. అననేదు గానీ మనసులో పెట్టుకున్నావని నాకు ఇప్పుడు తెలిసింది. తెచ్చీసినాను. ఆటోలో ఉన్నాది. ఒలే గుంటా, ఎల్లి దింపించు."

గుంట అంటే నేను. బయటికి వెళ్ళి చూస్తే నిజంగానే ఆటో వెనక సీటులో, తోమి తళతళలాడుతున్న రాగి కాగు మనిషిలాగ కూర్చుని ఉంది. ఆటో అతను "దింపమంటారా?" అని అడిగాడు. ఉండమని చెయ్యి చూపించాను.

లోపలికొస్తే అమ్మ అత్తనే చూస్తూ ఉంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. అది నవ్వు అని నాకు తెలుసు, అత్తకు తెలియదు. "ఏడవకొదినా, ఏడవకు" అంటోంది.

"కాగు నాకెందుకే?" అంది అమ్మ. "నాను దాన్ని మోయగలనా, ఎత్తగలనా? ఇదిగో సూడు." కుడిచెయ్యి అత్త ముందు పెట్టింది. ఆ చెయ్యి గాలిలో ఆకులాగ ఆడింది. "ఇదీ నా కోపం. గిన్నె నిలబడదు. ప్రభువు రక్తం నేల మీద ఒలకబోయమంటావా?"

అత్త ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత అంది, "మరి సెప్పవేటొదినా? నాను మోకాళ్ళ మీద పడి ఏడస్తన్నాను. మా కోడలు నాకు పిచ్చెక్కిందనుకుంటన్నాది."

కాగు మళ్ళీ అదే ఆటోలో వంతెన దాటి వెళ్ళిపోయింది. అత్త మాత్రం సాయంత్రం దాకా ఉండిపోయింది.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి గురువారాలు మా ఊరికి వచ్చి ముసలివాళ్ళ చేత కుర్చీల్లోనే వ్యాయామం చేయిస్తోందని ఆ వారమే అత్త విని వచ్చింది. పంచాయతీ గదికి మెట్లెక్కలేక ముసలివాళ్ళు రావడం లేదట. పాస్టరుగారు మా సండే స్కూలు గది ఇచ్చారు. మెట్లు లేని గది, ప్లాస్టిక్ కుర్చీలున్న గది మా ఊళ్ళో అదొక్కటే. బడిలో గురువారం మధ్యాహ్నం అనుమతి తీసుకుని అమ్మను నేనే తీసుకెళ్ళాను.

ఆ అమ్మాయిది పాతపట్నం దగ్గర పల్లె. వ్యవసాయం చేసుకునే హిందువుల ఇంటి పిల్ల. మాటల మధ్యలో ఒడియా పదాలు దొర్లేవి. ఏది చెప్పినా చివర "ఆస్తే, ఆస్తే" అనేది. నెమ్మది, నెమ్మది అని. మొదటి రోజు ముసలమ్మలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, "కుర్చీలోంచి లేవకుండానే డేన్స్ చేద్దాం మామ్మా" అంది.

ముసలమ్మలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళలో చాలామంది తప్పెటగుళ్ళు, థింసా ఆడిన ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు. బాప్తిస్మంతో పాటు వాటిని వదిలేయాలని వాళ్ళకు చెప్పారు, వదిలేశారు. కాళ్ళకు ఆట గుర్తుంది గనుక దాని పేరు వింటేనే భయం.

"పాపా, మేం బాప్తిస్మాలు అయినోళ్ళం" అంది అత్త. "డేన్సులు ఆడం."

"నిలబడక్కర్లేదు మామ్మా. కూచునే."

"మనం కూకుంటే పాపం కూడా కూకుంటాదేటి?"

అందరూ నవ్వారు గానీ ఎవరూ చెయ్యి కదపలేదు. అప్పుడు అమ్మ నా వైపు చూసింది. ఆమె గొంతు ఆ మూల దాకా వినబడదు గనుక నా చెవిలో చెబితే నేను పైకి చెప్పాను. "ఇది డేన్స్ కాదంట. యాక్షన్ సాంగ్ అంట. మీ పిల్లలందరికీ అమ్మ నేర్పిందేనంట."

అమ్మ రెండు చేతులూ ఎత్తి వాన కురిపించింది. వణికే వేళ్ళతో కురిసిన ఆ వాన మునుపటి కంటే నిజమైన వానలాగ ఉంది. ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు.

అలా మొదలైంది. పాటలు మా గుడి పాటలే, ఆ అమ్మాయి వాటి తాళం పట్టుకుని కదలికలు కట్టింది. మడమ నేలకు, మునివేళ్ళు నేలకు. నాటు వేసినట్టు వంగి చెయ్యి కిందికి. వల లాగినట్టు రెండు చేతులూ ఒడిలోకి. చేపలు ఎండలో తిరగేసినట్టు అరచెయ్యి పైకీ కిందికీ. ఎప్పుడో చేసిన పనులు కుర్చీలో ఆటలై తిరిగొచ్చాయి. కీళ్ళు పటపటమనేవి. "నా మోకాలే పాట పాడుతన్నాది, మీరు ఊరుకోండి" అనేది అత్త.

ప్రార్థనలోనూ పాటలోనూ మా ఆడవాళ్ళు తల మీద ముసుగు వేసుకుంటారు. చేతులు పైకెత్తిన ప్రతిసారీ ముసుగు జారేది, వెంటనే కుడిచెయ్యి వెళ్ళి దాన్ని నుదుటి మీదికి లాగేది. కొన్ని వారాల తర్వాత ఆ అమ్మాయి నవ్వుతూ వచ్చి చెప్పింది, ఇంకో ఊళ్ళో మామ్మలకు కూడా ఈ స్టెప్పు నేర్పిందట, వాళ్ళకు చాలా నచ్చిందట. "ఏ స్టెప్పు?" అన్నాను. చేతులెత్తి, దించి, నుదుటి మీద లేని ముసుగును లాగి చూపించింది. గదిలో ముసలమ్మలు కుర్చీల్లో విరగబడి నవ్వారు. ఆ ఊళ్ళో అందరూ హిందువులే. ఇప్పటికీ అక్కడ పాట మధ్యలో లేని ముసుగు సర్దుకుంటున్నారేమో.

సంఘంలో అందరికీ ఇది నచ్చలేదు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, సంఘ పెద్ద, ఒక గురువారం కిటికీ బయట నిలబడి చూసి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. దేవుని మందిరంలో ఆటలేమిటని అడిగాడు. వాక్యంలో దేవుని మందసపు పెట్టె ముందు రాజు తన బలమంతటితో ఆడాడు కదా అన్నారు పాస్టరుగారు. "ఆయన ఆడుతుంటే కిటికీలోంచి చూసి ఈసడించుకున్న భార్య ఒకామె ఉంది. ఆమె చనిపోయేదాకా పిల్లలు లేకుండానే ఉండిపోయిందని మీకు తెలుసు." హెడ్మాస్టరు తర్వాత కిటికీ దగ్గర నిలబడలేదు. లోపలికీ రాలేదు.

ఒక రోజు ఆ అమ్మాయి అందరినీ అడిగింది, ఇంట్లో మీ చేత్తో మీరు చేసుకోలేనిది, చేసుకోవాలని ఉన్నది ఏమిటని. ఒకామె జడ వేసుకోవాలంది. ఒకామె జాకెట్టు హుక్కులంది. అత్త, "సేప ముల్లు తీసుకోవాల. మా కోడలు తీసిస్తాది గానీ మంచి ముక్క ఆవిడే తినేస్తాది" అంది. అమ్మ వంతు వచ్చినప్పుడు, "గిన్నె అందుకోవాల" అంది.

ఏ గిన్నె అని అడిగిందా అమ్మాయి. అమ్మ చెప్పింది. ప్రభువు తన వాళ్ళతో చివరిసారి కూర్చుని భోంచేసిన సాయంత్రం గురించి, రొట్టె విరవడం గురించి, గిన్నె ఎత్తడం గురించి, చిన్నపిల్లలకు చెప్పినట్టే చెప్పింది. సన్నని గొంతు, మధ్య మధ్య ఆగిపోయే మాట. ఆ అమ్మాయి అమ్మ మోకాళ్ళ దగ్గర కూర్చుని విన్నది. వాదించలేదు, ఒప్పుకున్నాననీ అనలేదు. "ఎంత చిన్న గిన్నె మామ్మా?" అని మాత్రం అడిగింది. అమ్మ బొటనవేలు పొడవు చూపించింది.

పై వారానికి అందరి చేతుల్లో స్టీలు గ్లాసులు. ఆ అమ్మాయి చెప్పిన కిటుకు ఇది. ఈ జబ్బులో చేతికి వెళ్ళమని చెబితే వెళ్ళదు. ముందు కాలితో తాళం మొదలుపెట్టాలి. మడమ నేలకు తాకుతూ ఉండాలి. ఆ తాళం మీద చెయ్యి ఎక్కాలి. కుడిచెయ్యి ముందుకు వెళ్ళేటప్పుడు ఎడమచెయ్యి మణికట్టు కింద ఆనించాలి. అందుకోవడం, గుండె దగ్గరికి తేవడం, ఆగడం, పెదవికి తేవడం. మొదట ఖాళీ గ్లాసు, తర్వాత అడుగున కొంచెం నీళ్ళు. పాట నెమ్మదిగా సాగుతుంటే ముసలమ్మలందరూ ఒక్కసారే గ్లాసు ఎత్తి, గుండెకు ఆనించి, దించేవాళ్ళు. అది దేనికోసమో అప్పటికి అందరికీ తెలుసు.

ఇంట్లో కూడా అమ్మ సాధన చేసేది. నేను పాడేదాన్ని. పాట ఉన్నంతసేపు గ్లాసు నిలిచేది. పాట ఆగితే చెయ్యి కూడా గాలిలో ఆగిపోయి, మళ్ళీ వణికేది. అప్పుడే నాకు భయం పట్టుకుంది. గుడిలో గిన్నె అందుకునేటప్పుడు పాట ఉండదు. మౌనమే ఉంటుంది. ఆ మాట నేను అత్తతో అన్నాను. అత్త, "సూద్దాం" అంది.

వేసవి చివర్లో ఒక మొదటి ఆదివారం అమ్మ నాతో, "ఇయ్యేళ తీసుకుంటాను" అంది. తెల్లచీర కట్టుకుంది. కుంకుడురంగులో మిగిలిపోయిన మరక కుచ్చిళ్ళలో పడేటట్టు నేనే కట్టాను.

రొట్టె అయింది. పళ్ళేలు బయల్దేరాయి. మౌనం. ఆడవాళ్ళ వరసల్లోకి పళ్ళెం వచ్చేసరికి ఎక్కడో నేల మీద చిన్న చప్పుడు మొదలైంది. అత్త మడమ. చీర అంచు కింద కనబడకుండా, నిదానంగా, ఒకే తాళంలో. తర్వాత ముందు వరసలో ఇంకో మడమ. ఆ వెనక మరొకటి. గురువారం ముసలమ్మలు ఎక్కడెక్కడ కూర్చున్నారో అక్కడల్లా ఆ చప్పుడు లేచింది. మొదటి చినుకులు పెంకుల మీద పడినట్టు, అంతే. హెడ్మాస్టరు తల తిప్పి చూశాడు. పాస్టరుగారు కళ్ళు మూసుకునే ఉన్నారు.

అమ్మ మడమ కూడా కదిలింది. ఎడమచెయ్యి కుడి మణికట్టు కిందికి వెళ్ళింది. కుడిచెయ్యి ముందుకు సాగింది. పళ్ళెం పట్టుకున్న పెద్ద, చిన్నప్పుడు ఆమె సండే స్కూల్లో చదివినవాడే, పళ్ళేన్ని కొంచెం కిందికి వంచబోయి ఆగిపోయాడు. వంచలేదు. అమ్మ గిన్నె తీసుకుంది. గుండె దగ్గరికి తెచ్చింది. గిన్నెలో రసం అంచుదాకా వచ్చి వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, ఒలకలేదు. వాక్యం అయ్యాక అందరితో పాటు తాగింది.

ఆమె ముఖం మారలేదు. ఆ జబ్బు మారనివ్వదు. కన్నీళ్ళు మాత్రం ఆ కదలని ముఖం మీదుగా గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, అందులో గిన్నె ఉంది.

ప్రభువు దయ వల్ల ఆ వేసవి తర్వాత కూడా కొన్ని నెలలు అలా తీసుకుంది. అక్కడితో ఆపగలిగితే ఇది సాక్ష్యంగా చెప్పుకోదగిన కథ అయ్యేది.

అక్టోబరులో తుఫాను వచ్చింది. మా జిల్లా వాళ్ళకు ఆ ఏడాది గురించి చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మా సండే స్కూలు గది రేకులు లేచిపోయి ఎక్కడో చేలల్లో పడ్డాయి. మా బడి నిండా ఇళ్ళు పోయినవాళ్ళు. కరెంటు లేదు, మందుల దుకాణాలు లేవు. ఆ అమ్మాయిని ఆసుపత్రి వాళ్ళు వేరే పనుల్లో వేశారు. గురువారాలు ఆగిపోయాయి. ఇంట్లో నేను పాడుతూనే ఉన్నాను. కానీ నీళ్ళ ట్యాంకరు కోసం నిలబడటం, అన్నం వండటం, బడిలో జనానికి పెట్టడం, వీటి మధ్య ఎంతని పాడగలను? మందు దొరకని రోజుల్లో అమ్మ బాగా బిగుసుకుపోయింది. మందు దొరికాక కూడా ఆ బిగువు పూర్తిగా వదల్లేదు.

తర్వాత నీళ్ళు మింగితే దగ్గు వచ్చేది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని శ్రీకాకుళంలో చెప్పారు. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపించారు. పలచటి నీళ్ళు ఇవ్వొద్దన్నారు. అన్నీ జావలాగ చిక్కగా, చెంచాతో, కొంచెం కొంచెం. మాట దాదాపు పోయింది. కళ్ళు మాత్రం అన్నీ చూసేవి.

మా సంఘంలో మంచం పట్టినవాళ్ళకు పాస్టరుగారు మొదటి ఆదివారం మధ్యాహ్నం బల్లను ఇంటికి తెస్తారు. ఆ ఆదివారం చిన్న పెట్టెలో తెచ్చారు. నేనూ అత్తా మంచం పక్కన నిలబడ్డాం. అమ్మను దిండ్ల మీద కొంచెం లేపి కూర్చోబెట్టాం. డాక్టరు ఒక్క చుక్క పెదవికి తడిపితే ఫర్వాలేదన్నాడని నేను పాస్టరుగారికి ముందే చెప్పాను. ఆయన చెంచా కూడా తెచ్చారు.

ప్రార్థన చేసి, గిన్నెలో చెంచా ముంచి ఆమె పెదవుల దగ్గర పెట్టారు. అమ్మ పెదవులు మూసుకుంది. అవి వాటంతట అవి మూసుకోలేదు. ఆమే మూసింది. కళ్ళు ఆయన ముఖం మీదే ఉన్నాయి.

"అమ్మా, ప్రభువు అర్థం చేసుకుంటాడమ్మా. చుక్క చాలు" అన్నారు ఆయన, బతిమాలుతున్నట్టు.

పెదవులు విడలేదు. ఆయనకు అర్థమైంది. చెంచా పక్కన పెట్టి, గిన్నెనే ఆమె ముందు పట్టుకున్నారు. గుడిలో పళ్ళెం పట్టుకున్నట్టే.

అప్పుడు దుప్పటి కింద ఏదో కదిలింది. అమ్మ మడమ. పరుపు మీద, చప్పుడు లేకుండా, నిదానంగా. అత్త అది చూసి తను కూడా నేల మీద మడమతో తాళం వేసింది. నేను పాట ఎత్తుకున్నాను. దుప్పటి కింద మడమ తాళం తప్పలేదు. మేము చెయ్యి వైపు చూస్తూ ఉన్నాం. చెయ్యి దుప్పటి మీద అలాగే పడి ఉంది. ఒకసారి చూపుడువేలు లేచింది. అంతకంటే ఏమీ కాలేదు.

పాస్టరుగారు గిన్నె వెనక్కి తీసుకోలేదు. ఎంతసేపు నిలబడ్డారో నాకు తెలియదు. పాట అయిపోతే మళ్ళీ మొదలుపెట్టాను. చివరికి గిన్నె పట్టుకున్న ఆయన చెయ్యే వణకడం మొదలుపెట్టింది. కొంతసేపటికి దుప్పటి కింద మడమ ఆగింది. అమ్మ కళ్ళు మూసుకుంది. ఆయన గిన్నెను పెట్టెలో పెట్టి, ఒంగి ఆమె చేతిని తన నుదుటికి ఆనించుకున్నారు.

పై మొదటి ఆదివారం రాకముందే అమ్మ వెళ్ళిపోయింది.

సమాధి తోట నుంచి తిరిగొస్తుంటే దారిలో అత్త పాస్టరుగారిని ఆపి అడిగింది. "పాస్టరుగారూ, మా ఒదిన తీసుకున్నట్టా, తీసుకోనట్టా?"

ఆయన చాలా చదువుకున్నవారు. ఏదైనా ఓదార్పు మాట చెప్పగలరు. కానీ కాసేపు ఇసుక వైపు చూసి, "నాకు తెలీదమ్మా" అన్నారు.

"మీకే తెలీకపోతే ఇంకెవులికి తెలుస్తాది?"

"ఇచ్చేవాడికి తెలుసు. అడిగినామెకు తెలుసు. మధ్యలో గిన్నె పట్టుకున్నవాణ్ణి నేను" అన్నారు.

ఇంటికొచ్చాక అత్త నాతో, "ఆయన అబద్ధం ఆడనేదు. అది బాగున్నాది" అంది, వెక్కి వెక్కి ఏడుస్తూ.

గదికి కొత్త రేకులు వేశారు. ఆ అమ్మాయికి వేరే చోటికి బదిలీ అయింది. గురువారాలు మళ్ళీ మొదలవలేదు. నేను వాక్యంలో పెరిగినదాన్ని, ఎన్నో సార్లు ఆదినుంచి అంతందాకా చదివాను. చెయ్యి చాపమని ప్రభువు చెప్పగానే ఎండిన చెయ్యి చాపి బాగైపోయినవాడి సంగతి చదివినప్పుడల్లా అక్కడ ఆగిపోతాను. మా అమ్మ కూడా చాపింది. చెయ్యి రాలేదు, కాలితో చాపింది. అది ఆయనకు అందిందనే నమ్ముతున్నాను. నమ్ముతూనే ఏడుస్తున్నాను. ఈ రెండూ ఒకే గుండెలో పడతాయని ఆయన నాకు నేర్పుతున్నాడు.

ఇది చదివినవారు మీ సంఘంలో ఎవరైనా పళ్ళేన్ని దాటనిస్తే, ముందు వాళ్ళ ముఖం చూసి లెక్కలు వేయకండి, వాళ్ళ చేతిని చూడండి. ఇప్పుడు ఒక్క నిమిషం చదవడం ఆపి నాతో కూడా తల వంచండి. ప్రభువా, చేతులు నిలవని వాళ్ళను, గుక్క దిగని వాళ్ళను, దుప్పట్ల కింద తాళం వేస్తున్న కాళ్ళను జ్ఞాపకం చేసుకో. మేము చాపలేనంత దూరం నువ్వే చెయ్యి చాపు. మా అమ్మలు అందుకోలేకపోయిన గిన్నెను నీ రాజ్యంలో నీ చేత్తో వాళ్ళకు అందించు. ఇక్కడ మిగిలిన మాకు, ఎదురుచూడటానికి కావలసిన ఓపిక ఇవ్వు. ఆమెన్ అనేది మీరు కూడా నాతో పాటు పైకే అనండి. నా ఒక్కదాని గొంతు సరిపోవడం లేదు.